ముద్ర మారిన పాట

లక్ష్మీపతి మార్చింది ఒకే ఒక్క వాక్యం. ప్రమోద రాసిన తొమ్మిది పేజీల వ్యాసంలో ఆయన ఇంకెక్కడా వేలు పెట్టలేదు. అచ్చుతప్పులు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. ‘కుర్రవాడు కట్టిన సంగీతం మీద గురువు తన పేరు రాసుకున్నాడు’ అని ఆమె రాసింది. ‘కుర్రవాడు కట్టిన సంగీతానికి గురువు తన పేరిచ్చి ఆశీర్వదించాడు’ అని ఆయన దిద్దాడు. దిద్ది, ‘ఫైనల్ ప్రూఫ్, ప్లీజ్ అప్రూవ్’ అని మెయిల్ పెట్టాడు.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ వాక్యం చదివేసరికి ప్రమోదకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆశీర్వదించాడట. నోటి దగ్గర కూడు లాక్కున్నవాణ్ణి పట్టుకుని అన్నదాత అంటే ఎలా ఉంటుంది? అరవై అయిదేళ్ళొచ్చాయి, బీపీకి మాత్ర వేసుకుంటోంది, కోపం తెచ్చుకోవద్దని డాక్టరు మొన్ననే చెప్పాడు. డాక్టరుకేం, చెబుతాడు. ఈ వాక్యం ఆయన చదవలేదు కదా.

ఎదురుగా ఉప్మా తింటున్న భర్త శ్రీరామ్ తలెత్తాడు. “ఏమైంది ప్రమోదా?”

“లక్ష్మీపతిగారు నా వ్యాసానికి సంప్రోక్షణ చేశారు.”

“ఏదీ, ఆ జర్మన్ కంపోజర్ మీద రాసిందా? చూడనీ. ఒక్క సెంటెన్సే కదా మార్చింది. పోనిద్దూ.”

“మీరు ఉప్మా తినండి,” అంది ప్రమోద.

ఆ ఒక్క వాక్యం కోసమే మిగతా తొమ్మిది పేజీలూ రాసిందని శ్రీరామ్‌కి తెలియక కాదు. పెళ్ళయి నలభై రెండేళ్ళు. అన్నీ తెలిసీ ‘పోనిద్దూ’ అన్నాడే, దానికి ఇంకాస్త ఒళ్ళు మండింది.

ప్రమోద విజయనగరం పిల్ల. ఏడో ఏట వెంకటస్వామిగారి అరుగు మీద వయొలిన్ పట్టుకుని కూర్చుంది, పద్దెనిమిది నిండేదాకా లేవలేదు. వెంకటస్వామిగారు పెద్ద విద్వాంసుడు. పాటలు కూడా కట్టేవాడు. పాట చివర్లో కట్టినవాడి పేరు ఇమిడ్చి పెడతారే, దాన్ని ముద్ర అంటారు. ఆయన ముద్ర స్వామిదాసు. పాఠం చెప్పడంలో ఆయనకి సాటి లేడని ప్రమోద ఈనాటికీ ఒప్పుకుంటుంది. కమాను ఎలా పట్టాలో, గమకం ఎక్కడ ఆపాలో, తప్పు స్వరం పడితే చెవికి ఎలా తెలియాలో, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. కొట్టేవాడు కూడా. వేళ్ళ మీద, ఆ కమానుతోనే. అదీ పాఠంలో భాగమే అనుకునేవాళ్ళు అప్పట్లో, కొట్టినవాళ్ళూ కొట్టించుకున్నవాళ్ళూ.

పదహారో ఏట ప్రమోద ఒక పాట కట్టింది. సరిగ్గా ఇంటర్ పరీక్షల్లో టైఫాయిడ్ వచ్చి ఏడాది పోయింది. అన్ని మొక్కులు మొక్కితే ఇదా నువ్వు చేసిందని పైడితల్లి అమ్మవారి మీద కడుపు మండి కట్టిన పాట అది. ‘అలిగితి నీపై, అడుగను ఏమీ’ అని పల్లవి. రాగం అఠాణా, రోషం బాగా పలికే రాగం. చివరి చరణంలో ఉన్న పొగరంతా పోసి ‘పలుకక పోయిన ప్రమోద విడువదు’ అని ముగించింది. నువ్వు పలకకపోయావో, ఈ ప్రమోద నిన్ను వదలదు, చూసుకో అని అమ్మవారికే బెదిరింపు. పెద్దపెద్ద వాగ్గేయకారుల్లాగా తన పేరే ముద్రగా పెట్టుకుంది.

వెంకటస్వామిగారు కళ్ళు మూసుకుని విన్నాడు. రెండోసారి వాయించమన్నాడు. “బాగుందే. కాగితం ఇక్కడ పెట్టి వెళ్ళు,” అన్నాడు. ఆ దసరాకి కచేరీలో ఆ పాట ఆయనే పాడాడు. ముందు వరసలో కూర్చున్న ప్రమోదకి పల్లవి వినగానే ఒళ్ళు పులకరించింది. చరణం చివరికొచ్చేసరికి, ‘పలుకవె కరుణతో స్వామిదాసునితో’ అని పాడి దండం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. అలిగి బెదిరించిన ఆడపిల్లని తీసేసి, ఆ చోట్లో చేతులు కట్టుకున్న దాసుణ్ణి నిలబెట్టాడు మహానుభావుడు.

మర్నాడు పాఠానికి వెళ్ళి అడిగింది. “గురువుగారూ, పాటలో నా పేరు...”

“నీ పేరుతో ఎవరు పాడతారే? రేపో మాపో పెళ్ళయి పోతావు. పాట కూడా నీతోనే పోతుంది. నా ముద్ర ఉంటే నాలుగు కాలాలు బతుకుతుంది,” అన్నాడు ఆయన.

ప్రమోద వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టింది. అవును, పెట్టింది. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

పాట మాత్రం నిజంగానే బతికింది. రేడియోలోకెక్కింది, క్యాసెట్లలోకెక్కింది. అమెరికాలో ఫ్రీమాంట్‌లో, బాతెల్‌లో, తామున్న ఈ ట్రాయ్‌లో, సంగీతం నేర్చుకునే ప్రతి తెలుగు పిల్లా దసరాకి ‘అలిగితి నీపై’ పాడుతుంది. స్వామిదాసు కీర్తన అని చెప్పి మరీ పాడుతుంది. ఆ పిల్లల అమ్మల పక్కన కూర్చుని, ఏళ్ళ తరబడి ప్రమోద చప్పట్లు కొట్టింది.

వాల్తేరులో ఫిజిక్స్ చదివి, శ్రీరామ్‌ని చేసుకుని, ఎనభై నాలుగులో మిషిగన్ వచ్చింది. ఇక్కడ మళ్ళీ చదివి, కార్ల విడిభాగాల కంపెనీలో శబ్దాల విభాగంలో చేరింది. కారులో ఎక్కడో కిర్రుమంటోందంటే, అది తలుపా, సీటా, డాష్‌బోర్డ్ వెనకాల వదులైన స్క్రూనా అని కనిపెట్టే ఉద్యోగం. మగ ఇంజనీర్లు మైకులూ మిషన్లూ బిగించి రెండు రోజులు కొట్టుకునేవాళ్ళు. ప్రమోద కళ్ళు మూసుకుని వెనక సీట్లో కూర్చుని, “ఎడమ పక్క, కింద హింజ్,” అనేది. మొదట్లో నవ్వారు. తర్వాత ఆమె సెలవు పెడితే కంగారు పడేవాళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళు చేసింది ఆ ఉద్యోగం. ఆ చెవి ఎవరిచ్చిందంటే వెంకటస్వామిగారే. ఆ విషయం తెలుసు కాబట్టే ఆమె కోపానికి దారి దొరికేది కాదు.

దారి దొరికింది జర్మనీలో. తొంభై ఎనిమిదిలో కంపెనీ రెండేళ్ళకి అక్కడి ల్యాబ్‌కి పంపింది. ఒక ఆదివారం తోటివాళ్ళతో కలిసి కొండల మధ్య ఏదో చిన్న ఊరు చూడ్డానికి వెళ్ళింది. అక్కడ రెండు గదుల మ్యూజియం. అద్దాల పెట్టెలో పాత సంగీతం కాగితాలు, పైన సిరాతో ‘క్రౌజె’ అని సంతకం. కింద చిన్న చీటీ మీద ‘ఇది నిజానికి ఆయన శిష్యుడు ఓస్టర్‌మన్ పదిహేనో ఏట రాసినది’ అని ఉంది. అప్పటికి నేర్చుకున్న కాస్త జర్మన్‌తో కూడబలుక్కుని చదివింది. బస్సు టైమ్ అయిందని మిగతావాళ్ళు పిలుస్తున్నా ఆ పెట్టె ముందు నుంచి కదల్లేదు.

ఆ తర్వాత పాతికేళ్ళలో ఓస్టర్‌మన్ గురించి దొరికిన ప్రతి కాగితమూ చదివింది. కుర్రవాడు మేజోళ్ళు అల్లేవాడి కొడుకు. నెపోలియన్ సైన్యాలు ఆ దారిన వస్తూ పోతూ ఉన్న రోజులు. పదకొండో ఏట ఊరి వాద్యకారుల పెద్ద క్రౌజె దగ్గర పనిలో పెట్టారు. పెళ్ళికీ చావుకీ వాయించేది వాళ్ళే, చర్చి గోపురమెక్కి గంటగంటకీ బూరా ఊదేదీ వాళ్ళే. కుర్రవాడు క్రౌజె ఇంట్లో కట్టెలు కొట్టాడు, బూట్లు తుడిచాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు, మిగిలిన వేళల్లో వయొలిన్, క్లారినెట్, కొమ్ముబూరా, డోలు, ఏది చేతికిస్తే అది నేర్చుకున్నాడు. పదిహేనో ఏట ఒక పెళ్ళి కోసం ఆరు నాట్యాలకి సంగీతం కట్టాడు. సిరా ఆరకముందే క్రౌజె పైన తన పేరు రాసుకున్నాడు. అదేమిటని అడిగితే, వడ్రంగి దగ్గర పని నేర్చే కుర్రాడు కుర్చీ చేస్తే అది ఎవరిది, వడ్రంగిదా కుర్రాడిదా అన్నాడు.

ఇరవై రెండో ఏట ఓస్టర్‌మన్ ఓ చిన్న సంస్థానంలో రెండో వరసలో వయొలిన్ వాయిస్తున్నాడు. ఒకనాడు వాయించాల్సిన కాగితాలు పంచారు. చూస్తే తన ఆరు నాట్యాలే, పైన క్రౌజె పేరు. జీతగాడు కనుక చివరిదాకా వాయించాడు. వాయించాక లేచి, ఇవి నావి అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. సెలవు పెట్టి ఊరికి వెళ్ళి, నిజం ఒక్క కాగితం ముక్క మీద రాసిమ్మని క్రౌజెని బతిమాలాడు. “నీకు వయొలిన్ పట్టుకోవడం నేర్పింది ఎవరు?” అన్నాడు ముసలాయన. ఓస్టర్‌మన్ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు. ఉద్యోగం వదిలేసి, ఇంకో ఊళ్ళో చర్చిలో ఆర్గన్ వాయించుకుంటూ, మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. మొదటి పుస్తకం అచ్చయ్యేసరికి ముప్ఫై ఏళ్ళు. అట్ట మీద సంగీతం పేరు కంటే తన పేరు పెద్ద అక్షరాలతో వేయించుకున్నాడు. ఎంత అహంకారం అని పత్రికలవాళ్ళు తిట్టిపోశారు.

అహంకారమట. అది చదివిన రోజు ప్రమోద జర్మన్ నిఘంటువు మూసేసి గదిలో అటూ ఇటూ తిరిగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా, జరిగింది అన్యాయమని తనకి తాను కూడా చెప్పుకోలేదు. గురువుగారి దయ అనుకుంది. నీకు కోపం రావాలమ్మా అని చెప్పడానికి ఎక్కడో జర్మనీలో ఎప్పుడో చచ్చిపోయినవాడు కావలసి వచ్చాడు.

ఇప్పుడు వెంకటస్వామిగారి శతజయంతి. ట్రాయ్‌లో సంగీతం పాఠాలు చెప్పే త్రివేణి ఆయన ఆఖరి శిష్యురాలు. ఆమె పూనుకుని ఒక సభ పెట్టింది, దానికొక సావనీర్. రిటైరైన కిడ్నీ డాక్టరు లక్ష్మీపతి దానికి సంపాదకుడు. గురుశిష్య సంబంధం మీద ఏదైనా రాయండి, వెస్టర్న్ క్లాసికల్ టచ్ ఉంటే బాగుంటుందని ఆయనే అడిగాడు. తన కథ తన పేరుతో రాసే ధైర్యం ప్రమోదకి చాల్లేదు. ఓస్టర్‌మన్ తొలి రోజుల గురించి రాసింది. తెలిసినవాళ్ళు అర్థం చేసుకుంటారు, కనీసం అచ్చులో ఒక నిజం ఉంటుంది అనుకుంది. ఆ నిజాన్నే లక్ష్మీపతి శుభ్రంగా తుడిచి పెట్టాడు.

ఫోన్ చేసింది.

“ఆ వాక్యం ఎందుకు మార్చారండీ?”

“ఏదండీ? ఓ, అదా. మన ట్రెడిషన్‌లో గురువుని అలా అనకూడదు కదండీ ప్రమోదగారూ. అందులోనూ శతజయంతి సంచికలో.”

“ఆయన మన గురువు కాదు, జర్మన్ వాడు. చేసింది దొంగతనం.”

“ఎవరైనా గురువు గురువే కదండీ. విద్య చెప్పాడా లేదా? లాంగ్వేజ్ కొంచెం సాఫ్ట్ చేశాను, అంతే. మీనింగ్ మారలేదు.”

“మీనింగ్ మారలేదా? మీ క్లినిక్ బోర్డు మీద ఇంకొకడు తన పేరు రాసుకుంటే ఆశీర్వాదం అంటారా?”

“మీరు కోపంలో ఉన్నట్టున్నారు,” అన్నాడు.

“ఉన్నాను. పాత వాక్యం పెట్టండి, లేదా వ్యాసం తీసేయండి.”

“రేపు అప్రూవ్ చేస్తారులే అనుకుని, రాత్రే ప్రింటింగ్‌కి పంపించేశానండీ.”

ప్రమోద ఫోన్ బల్ల మీద విసురుగా పెట్టింది. శ్రీరామ్ మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. “మీ గురువుగారు పోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడెవరితో కొట్లాడతావు?” అన్నాడు.

“ఆయన పోయాడు. నేనింకా ఉన్నాను కదా,” అంది. ఆ నీళ్ళు తాగలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున్న త్రివేణి ఇంటికి రిహార్సల్‌కి వెళ్ళింది. బేస్‌మెంట్‌లో జంపఖానా, శ్రుతిపెట్టె, గోడకి వెంకటస్వామిగారి ఫోటో. సభలో ‘అలిగితి నీపై’ పాడబోయేది ఆద్య, పన్నెండేళ్ళది. వయొలిన్ ప్రమోద. పిల్ల చరణం చివరికి రాగానే ప్రమోద కమాను ఎత్తేసింది.

“త్రివేణీ, ఈ పాదం ఇది కాదు.”

త్రివేణి ఆద్యని జ్యూస్ తాగి రమ్మని పైకి పంపింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగేదాకా ఊరుకుని, “తెలుసక్కా,” అంది.

“ఏం తెలుసు?”

“గురువుగారు పోయే ముందు ఏడాది నాతో అన్నారు. ‘అలిగితి నాది కాదే. ప్రమోద అని నా దగ్గర నేర్చుకున్న పిల్లది. అమెరికాలో ఉందట’ అని. అసలు పాదం కూడా పాడి వినిపించారు.”

ప్రమోద కమాను జంపఖానా మీద పెట్టేసింది. ఆయనకి తెలుసు. సిగ్గు కూడా పడ్డాడన్నమాట. పడి, ఎవరికి చెప్పాలో వాళ్ళకి తప్ప ఇంకొకరికి చెప్పాడు. ఒక ఉత్తరం ముక్క రాయడానికి చేతులు పడిపోయాయా? ఇక ఈవిడ. ఇరవై ఏళ్ళుగా ఎదురుగా కూర్చుని, ఇంటికి పిలిచి పులిహోర పెట్టి, ‘ప్రమోదక్కా, ప్రమోదక్కా’ అంటూ, ఈ మాట కడుపులో దాచుకుని తిరిగింది.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“నా స్కూల్ పేరే స్వామిదాస సంగీతాలయం అక్కా. ఆయన పేరు చూసే పిల్లల్ని పంపిస్తారు. భయమేసింది. తప్పే.” త్రివేణి కళ్ళు తుడుచుకుంది. “పాట మీరు కట్టినట్టే పాడిస్తాను. ఆద్య మీ పాదమే పాడుతుంది. స్టేజ్ మీద అనౌన్స్‌మెంట్ మాత్రం వద్దు. ఆయన నూరేళ్ళ పండగ. మీ పేరు పాటలోనే వినిపిస్తుంది కదా. ముద్ర అంటే అదే కదా అక్కా.”

ఏడ్చేవాళ్ళని చూస్తే ప్రమోదకి ఇంకా చిరాకు. కానీ ఆ చివరి మాట నిజమే అనిపించింది. ఏ వాగ్గేయకారుడూ ఈ పాట నాది అని అరవడు, పాటే చెబుతుంది. సరే అంది. ఆద్య కిందకి వచ్చాక కొత్త పాదం చెప్పింది.

“విడువదు అంటే ఏంటి ఆంటీ?”

“వదలదు. వెంట పడుతుంది.”

“ఓ. సో, మ్యాడ్‌గా పాడాలా?”

“బాగా మ్యాడ్‌గా,” అంది ప్రమోద.

వచ్చిన శనివారం మధ్యాహ్నం హైస్కూల్ ఆడిటోరియంలో సభ. మూడొందల మంది. స్టేజ్ మీద వెంకటస్వామిగారి నిలువెత్తు ఫోటో, గులాబీల దండ. ప్రతి కుర్చీలో ఒక సావనీర్, ప్రతి సావనీర్‌లో ఆశీర్వాదం. వ్యాఖ్యానం లక్ష్మీపతిది. ఒక్కో పాట అయ్యాక లేచి భావం వివరిస్తున్నాడు.

ఆద్య బాగా పాడింది. అమెరికా యాస అక్కడక్కడా తగిలినా రోషం మాత్రం అసలైనది. చరణం చివరికి వచ్చింది. ‘పలుకక పోయిన ప్రమోద విడువదు.’ పిల్ల ఆ పాదాన్ని మూడుసార్లు తిప్పి పాడింది, మూడోసారి అమ్మవారితో తగాదా పెట్టుకున్నట్టే పాడింది. నలభై తొమ్మిదేళ్ళ తర్వాత తన పేరు తన పాటలోకి వచ్చింది. వాయిస్తూనే ప్రమోద తలెత్తి జనం వైపు చూసింది. అందరూ తాళం వేస్తున్నారు. కొందరు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఆమె వైపు చూడలేదు.

చప్పట్లు ఆగాక లక్ష్మీపతి మైకు దగ్గరికి వచ్చాడు.

“విన్నారా ఆఖరి పాదం? మనం మామూలుగా వినే పాఠంలో ఇది లేదండీ. త్రివేణిగారు పాత ప్రతి ఎక్కడో సంపాదించినట్టున్నారు. ప్రమోదమంటే ఆనందం. అమ్మ పలకకపోయినా సరే, భక్తుడి ఆనందం వాణ్ణి విడిచి పోదట. ఎంత వేదాంతమండీ. మన గురువుగారు ఎంత లోతైన మనిషో ఈ ఒక్క మాట చాలు.”

మళ్ళీ చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా. ముందు వరసలో త్రివేణి తల దించుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

మొదట పేరు తీసేసి పాట తీసుకున్నారు. ఇప్పుడు పేరు తిరిగి పెడితే, ఆ పేరు కూడా తీసుకెళ్ళి ఆయన ఖాతాలోనే వేశారు. ఇంక ఏం మిగిల్చారు? ప్రమోద వయొలిన్ జంపఖానా మీద పెట్టి, మోకాళ్ళు పట్టేస్తున్నా ఆద్య భుజం ఆసరాతో లేచి, మైకు దగ్గరికి నడిచింది. గురువుగారికి నివాళి చెప్పబోతోంది కాబోలనుకుని లక్ష్మీపతి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

“వీరు కూడా గురువుగారి శిష్యురాలేనండీ. రండి ప్రమోదగారూ, రెండు మాటలు.”

“ఇప్పుడు నన్ను ఏమని పిలిచారు?” అంది ఆమె.

“ప్రమోదగారూ అని...” అని ఆయన ఆగిపోయాడు. చేతిలో త్రివేణి రాసిచ్చిన పాటల కాగితం ఉంది. దాని వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. హాల్లో ఎవరో నవ్వబోయి మానేశారు.

“ఈ పాట పదహారో ఏట నేను కట్టాను. మా గురువుగారు నా పేరు కొట్టేసి తన పేరు పెట్టుకున్నారు. మీరు ఇందాక చెప్పింది ఆనందం కాదు, నేను,” అంది ప్రమోద. “ఆ పాదం మళ్ళీ చదవండి లక్ష్మీపతిగారూ. ఈసారి నన్ను చూస్తూ చదవండి.”

లక్ష్మీపతి కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మూడొందల మంది ఎదురు చూస్తున్నారు. ఆమె కదల్లేదు.

“పలుకక పోయిన,” అని మొదలుపెట్టి, కాగితం మీద నుంచి తలెత్తి, ఆమె ముఖంలోకి చూస్తూ మెల్లగా మిగతాది చదివాడు. “ప్రమోద... విడువదు.”